మా అక్క ఆ ఇంట్లో మూడేళ్ళు పనిచేసిందండి

2023 జూన్ నెల. ఎండలు ముదిరి, వాన ఇంకా మొహం చూపించని రోజులు. రాజమండ్రి దానవాయిపేటలో ఒక డాబా మొదటి అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుని నేను స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు నడుపుతుంటాను. అంతకుముందు పద్నాలుగేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. ముందు గదిలో బోర్డు, ఇరవై కుర్చీలు ఉంటాయి. విదేశాల్లో ఉద్యోగాలకు పరీక్ష రాసే నర్సులు, హోటల్ రిసెప్షన్‌లో చేరిన పిల్లలు, ఇంటర్వ్యూ అనగానే నోరు పెగలని ఇంజనీరింగ్ వాళ్ళు అక్కడ కూర్చుంటారు. వెనక గదిలో కంప్యూటరు, ప్రింటరు. అక్కడికి వచ్చేవాళ్ళకి ఇంగ్లీషు నేర్చుకునే తీరిక ఉండదు. ఇంగ్లీషులో ఒక ఉత్తరం కావాలి, అంతే. బ్యాంకుకో, వీసా ఆఫీసుకో, ఇన్సూరెన్సు వాళ్ళకో. వాళ్ళు తెలుగులో చెబుతారు, నేను ఇంగ్లీషులో టైపు చేస్తాను.

మా వృత్తిలో రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటి ముందుగా చెప్పాలి. ఇంగ్లీషులో జరిగినదాన్ని చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి సింపుల్ పాస్ట్. అంటే జరిగింది, అయిపోయింది. రెండోది ప్రెజెంట్ పర్ఫెక్ట్. జరిగింది, కానీ దాని సంగతి ఇప్పటికీ నడుస్తోంది అని. "I lost my key" అంటే తాళంచెవి ఎప్పుడో పోయింది, తర్వాత దొరికిందో లేదో ఆ వాక్యం చెప్పదు. "I have lost my key" అంటే పోయింది, ఇంకా దొరకలేదు, నేను గుమ్మం బయటే నిలబడి ఉన్నాను అని. తెలుగులో రెండిటికీ మనం "తాళంచెవి పోయింది" అనే అంటాం. మిగతాది ఎదుటివాళ్ళు మన మొహం చూసి గ్రహిస్తారు. ఉత్తరానికి మొహం ఉండదు కదా.

నేను చదువుకునే రోజుల్లో మా మాస్టారు దీన్ని "నేను తినియున్నాను, నేను వెళ్ళియున్నాను" అని వల్లె వేయించేవారు. తినియున్నాను అనే మనిషిని నేను ఈ గోదావరి జిల్లాల్లో ఇంతవరకూ చూడలేదు. అందుకే టీచరయ్యాక ఆ "యున్నాను"ని క్లాసులోంచి తీసేసి, నా సొంత పద్ధతిలో చెప్పడం మొదలుపెట్టాను. ఈ పాఠం బాగా చెబుతానని నాకు కాస్త పేరు కూడా ఉంది. ఆ పేరు లేకపోయి ఉంటే ఇప్పుడు చెప్పబోయే సంగతికి నేను ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

ఆ జూన్‌లో ఒక రోజు సాయంత్రం నాలుగున్నరకి నాగమణి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కడియపులంకలో ఒక నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే పని చేస్తుంది. చేతుల నిండా కత్తిగాట్లు, గోళ్ళలో మట్టి. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది. కుర్చీ చూపిస్తే అంచుమీద కూర్చుంది.

"మా అక్క గురించండి" అంది. "గల్ఫ్‌లో ఉందండి. ఇంట్లో పనికి వెళ్ళింది. అక్కడున్న మన ఇండియా ఆఫీసుకి కాయితం పెడితే పంపిస్తారంట కదండీ? మీరు రాసిపెడతారని చెప్పారు."

అక్క పేరు సత్యవతి. భర్త పోయాక, కూతురు భార్గవిని చెల్లెలి దగ్గర వదిలి, 2020 ఫిబ్రవరిలో వెళ్ళింది. రెండేళ్ళ అగ్రిమెంటు. వెళ్ళిన నెలకే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. తర్వాత అగ్రిమెంటు ముగిసింది. పంపించమంటే వచ్చే నెల, పండగ తర్వాత, ఇంకో మనిషి దొరికాక అంటూ కఫీలు వాయిదా వేస్తున్నాడు. కఫీలంటే ఆ దేశంలో వీసా ఇప్పించి పనిలో పెట్టుకున్న యజమాని. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంటుంది, అతను సరే అనకపోతే మనిషి కదలడానికి లేదు.

"ప్రతి శుక్రవారం ఫోన్ చేసేదండి" అంది నాగమణి. "మే నెలలో ఒక శుక్రవారం చేసి, గట్టిగా అడిగానే, ఫోన్ లాక్కుంటామంటున్నారే అని ఏడ్చింది. అదే ఆఖరండి. మూడు వారాలైంది. ఫోన్ స్విచ్చాఫ్."

"ఏజెంటుని అడిగారా?"

"కోనసీమలో ఉంటాడండి. కఫీలుకి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు. రేపు మాపు అంటున్నాడు."

కంప్యూటరు ముందు కూర్చున్నాను. ముందు గదిలో అయిదింటి బ్యాచ్ వాళ్ళు అప్పటికే వచ్చి కుర్చీలు జరుపుకుంటున్నారు. నాగమణి చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను.

"మా అక్క ఆ ఇంట్లో మూడేళ్ళు పనిచేసిందండి. మూడేళ్ళ నాలుగు నెలలు. ఒక్క రోజు సెలవు తీసుకోలేదు. ఇంటికి పంపమని అడిగింది. ఫోనూ, పాస్‌పోర్టూ వాళ్ళ దగ్గరే ఉన్నాయండి."

అన్నీ రాశాను. కఫీలు పేరు, ఇంటి చిరునామా, వీసా నంబరు, భార్గవి వివరాలు. ఒకసారి గబగబా చూసుకుని, మన దౌత్య కార్యాలయం ఈమెయిలుకి పంపించాను. వాళ్ళకి ఫోన్ చేయాల్సి వస్తే అని కింద నాగమణి నంబరు కూడా ఇచ్చాను. నాగమణి లేచి రెండు చేతులూ జోడించింది. "మీరు రాశారు కాబట్టి పని అవుతుందండి" అంది. నేను క్లాసులోకి వెళ్ళిపోయాను.

తొమ్మిదో రోజు పొద్దున్న జవాబు వచ్చింది. మర్యాదగా, చిన్నగా రాశారు. అందులో రెండో వాక్యం ఇది: "It is noted that the worker has left the house of her sponsor." ఆ తర్వాత, ఆ ఇల్లు విడిచి ఎప్పుడు వెళ్ళింది, ప్రస్తుతం ఎక్కడ ఉంటోంది, కఫీలు ఆమెమీద ఫిర్యాదు ఏమైనా పెట్టాడా అన్నది తెలియజేయమని అడిగారు.

వెంటనే నాగమణికి ఫోన్ చేశాను. పని మధ్యలో వదిలేసి, భర్త శ్రీనుతో కలిసి అరగంటలో మోటారు సైకిల్ మీద వచ్చేసింది. శ్రీను నర్సరీల నుంచి మొక్కలు తోలే మినీ వ్యాను నడుపుతాడు. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"ఏమని రాశారండి?"

"మీ అక్క ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయినట్టు తెలిసిందని రాశారమ్మా" అన్నాను.

"వెళ్ళిపోవడమేంటండి? ఎక్కడికి?"

"అది వాళ్ళకీ తెలియదట. మనల్నే అడుగుతున్నారు."

"మళ్ళీ ఆ ఇంటికి వచ్చేసి ఉండొచ్చు కదండీ? ఒక పూట ఎక్కడికైనా వెళ్ళి..." శ్రీను అడిగాడు.

ఇక్కడ నేను చేసింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నేను టీచర్ని కదా. "లేదండి శ్రీను గారూ. left అని రాసి ఉంటే అలా అనుకోవచ్చు. has left అని రాశారు. వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు అని దానర్థం" అన్నాను. వాళ్ళకి మిగిలిన ఆ కాస్త ఆశనీ వ్యాకరణం చెప్పి మరీ తీసేశాను.

నాగమణి అలాగే గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయింది. "దానికి అక్కడ ఎవరూ తెలీదండి. రోడ్డు కూడా తెలీదు. గేటు దాటి ఎప్పుడూ బయటకి రాలేదండి అది" అంటూ అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. శ్రీను మంచినీళ్ళు తాగించి తీసుకెళ్ళాడు.

ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. శ్రీను కోపంతో ఏజెంటుకి ఫోన్ చేసి, మా వదిన ఎక్కడికి పోయిందో చెప్పమని నిలదీశాడు. పారిపోయిన మనిషికి నా బాధ్యత లేదు అని ఏజెంటు ఫోన్ పెట్టేశాడు. కఫీలుతో మాట్లాడతానన్న ఆ ఒక్క మనిషీ అలా తప్పుకున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న భార్గవి కాలేజీకి వెళ్ళడం మానేసింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేదట. ఫోన్‌లో ఆ దేశం మ్యాపు తెరిచి, వాళ్ళమ్మ ఉన్న వీధిని పెద్దది చేసుకుని చూస్తూ కూర్చునేదట.

రెండో రోజు సాయంత్రం అయిదింటి బ్యాచ్. ఆ బ్యాచ్‌లో జ్యోతి అని ఒక నర్సు ఉండేది. ఇక్కడే ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ విదేశీ నర్సింగ్ పరీక్షకి తయారవుతోంది. ఆ రోజు మాక్ ఇంటర్వ్యూ. అంటే నిజం ఇంటర్వ్యూలాగే నేను ప్రశ్నలు వేస్తాను, వాళ్ళు లేచి జవాబు చెప్పాలి. నీ అనుభవం గురించి చెప్పమన్నాను.

"I worked in my hospital for five years, madam" అంది.

ఇలాంటిది రోజుకి పదిసార్లు దిద్దుతాను. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. "జ్యోతీ, worked అంటే నువ్వు అక్కడ మానేశావని. వాళ్ళు వెంటనే ఎందుకు మానేశావు, ఇప్పుడెక్కడ ఉన్నావు అని అడుగుతారు" అన్నాను.

"నేను మానలేదు కదా మేడం."

"మానకపోతే I have worked అను."

ఆ మాట అని బోర్డు వైపు తిరిగాను. రాయడానికి ఎత్తిన మార్కర్ దించేశాను. ఎందుకు మానేశావు, ఇప్పుడెక్కడ ఉన్నావు. సరిగ్గా ఇవే ప్రశ్నలు ఎక్కడో చదివాను. రెండు రోజుల క్రితమే చదివాను.

పిల్లల్ని రాసుకోమని చెప్పి వెనక గదిలోకి వెళ్ళాను. పంపించిన ఈమెయిల్ తెరిచాను. మొదటి వాక్యం: "My sister worked in the above house for three years and four months." నాలుగో వాక్యం: "She asked to go home." ఆమె పాస్‌పోర్టూ ఫోనూ యజమాని దగ్గర ఉన్నాయని రాశాను. ఆమె ఎక్కడ ఉందో మాత్రం ఒక్క వాక్యంలోనూ రాయలేదు.

నాగమణి "పనిచేసిందండి" అన్నప్పుడు నాకు అంతా అర్థమైంది. ఆమె మొహం నా ఎదురుగా ఉంది. ఆ అక్క ఇంకా అక్కడే ఉందని అడగకుండానే తెలుస్తోంది. దూరంగా ఆఫీసులో కూర్చున్న మనిషికి నా ఉత్తరం ఒక్కటే ఉంది. మూడేళ్ళు పనిచేసింది, ఇంటికి పోతానంది, ఆమె వస్తువులు యజమాని దగ్గర ఉండిపోయాయి. దీన్ని చదివిన ఎవరికైనా, ఇల్లు విడిచి వెళ్ళిపోయిన మనిషి కథలాగే ఉంటుంది. వాళ్ళు కొత్తగా తెలుసుకుని రాసిన సంగతి ఏదీ లేదు. "It is noted" అన్నారు. ఎక్కడి నుంచి నోట్ చేసుకున్నారు? నా ఉత్తరం నుంచే. నేను రాసిన తప్పే తిరిగి నా దగ్గరికి వస్తే, దాన్ని వార్త అనుకుని ఆ ఇంటికి మోసుకెళ్ళాను.

క్లాసు ఆపేశాను. ఎందుకని పిల్లలు అడిగితే ఏదో పని పడిందన్నాను. నాగమణి ఫోన్ ఎత్తలేదు. స్కూటీ తీసుకుని కడియపులంక బయల్దేరాను. ఇరవై నిమిషాల దారిలో ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకున్నాను. కంప్యూటర్లో పొరపాటు జరిగిందని చెప్పొచ్చు. ఆ ఆఫీసు వాళ్ళు సరిగ్గా చదవలేదని కూడా చెప్పొచ్చు, వాళ్ళెవరికీ తెలియదు. కాలవ గట్టు మీద ఒకచోట బండి ఆపి కాసేపు నిలబడ్డాను కూడా. ఆ ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు కాబట్టి నన్ను పట్టుకునేవాళ్ళు లేరు అన్న ఆలోచన నాకు వచ్చిన మాట నిజం. వచ్చాక నామీద నాకే అసహ్యం వేసింది.

వాళ్ళ ఇల్లు నర్సరీ వెనకాల రెండు గదుల రేకుల ఇల్లు. ముందంతా నల్ల కవర్లలో నందివర్ధనం, మందారం మొక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. నాగమణి గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. నేను చెడ్డ కబురే తెచ్చాననుకుంది కాబోలు, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాగమణీ, తప్పు నాదమ్మా" అన్నాను. "మీ అక్క వెళ్ళిపోవడం అక్కడివాళ్ళు ఎవరూ చూడలేదు, వెళ్ళిపోయిందని ఎవరూ చెప్పలేదు. నేను ఉత్తరం రాయడంలో ఒక మాట తప్పు రాశాను. మూడేళ్ళ నుంచి పనిచేస్తోంది అని రాయాల్సింది. మూడేళ్ళు పనిచేసి మానేసింది అన్నట్టు రాశాను. వాళ్ళు అది చదివి, అయితే ఇప్పుడెక్కడ ఉంది అని అడిగారు. అంతే."

ఆమె కొంగు దించింది. "అంటే... మా అక్క ఎక్కడికీ పోలేదా అండి?"

అవును అనేయాలనిపించింది. కానీ ఒకసారి తెలియనిది తెలిసినట్టు చెప్పి ఆ ఇంటిని అల్లకల్లోలం చేశాను. "అక్కడే ఉందని నేను ఒట్టేసి చెప్పలేనమ్మా. వెళ్ళిపోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నేను పుట్టించిన మాట."

నాగమణి నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. లోపల్నుంచి శ్రీను బయటకి వచ్చాడు. అంతా విన్నాడు.

"మేడం గారూ, మీరు పదిమందికి ఇంగ్లీషు చెప్పేవారండి" అన్నాడు. గొంతు పెంచలేదు. "మాకంటే తెలీదు. మీరు ఏది చెబితే అదే మాకు నిజం. రెండ్రోజుల నుంచి ఈ పిల్ల మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగలేదండి. ఏజెంటు కూడా చేతులు దులిపేసుకున్నాడు. ఇప్పుడొచ్చి మాట తప్పు పడిందంటే ఎలా అండి?"

"ఊరుకో, ఇంటికొచ్చి చెప్పారు కదా" అంది నాగమణి.

"అననివ్వమ్మా. ఆయన అన్నది నిజమే" అన్నాను.

భార్గవి అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి వింటోంది. సన్నగా, పొడుగ్గా ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. లోపలికి వెళ్ళి ఒక నోటుబుక్కూ పెన్నూ పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "ఇప్పుడు సరిగ్గా రాద్దామండి. ఈసారి నాకు అర్థమయ్యేలా చెప్పి రాయండి" అంది.

ఆ అరుగు మీదే కూర్చున్నాం. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో రాసి, దాన్ని తెలుగులో చెప్పాను. "She has worked in the same house since February 2020." ఫిబ్రవరి 2020 నుంచి అదే ఇంట్లో పనిచేస్తోంది, ఇప్పటికీ అక్కడే. "She has not left that house." ఆ ఇల్లు విడిచి వెళ్ళలేదు.

"మనకి తెలిసినంతవరకు అని పెట్టండి" అంది భార్గవి. పెట్టాను.

"In May she asked to go home."

"ఇక్కడ has ఎందుకు లేదండి?"

"మే నెలలో అడిగింది అని నెల చెబుతున్నాం కదమ్మా. ఎప్పుడు జరిగిందో చెబితే సింపుల్ పాస్ట్. అది ఆ రోజుతో అయిపోయింది."

"ఫోన్ లాక్కున్నారు అన్నది?"

"They have taken her phone. తీసుకున్నారు, ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. ఆ సంగతి ఇంకా అయిపోలేదు కాబట్టి have."

పిల్ల తల ఊపింది. చివర్లో, ఈ అమ్మాయికి తల్లి తప్ప ఎవరూ లేరని రాయాలి. భార్గవి తనే పెన్ను తీసుకుంది. "My father" అని రాసి ఆగింది.

"మా నాన్న నా తొమ్మిదో ఏట పోయారండి. దీనికి ఏది రాయాలి?"

"died, అమ్మా. సింపుల్ పాస్ట్."

ఆ పిల్ల died అని రాసి, తర్వాతి లైనుకి వెళ్ళింది.

ఆ సాయంత్రమే ఉత్తరం పంపించాం. ముందు ఉత్తరంలో తప్పు నాదేనని, ఆమె ఇల్లు విడిచినట్టు మాకు ఏ సమాచారమూ లేదని మొదటి పేరాలోనే స్పష్టంగా రాశాను. ఏజెంటుకి కూడా నేనే ఫోన్ చేసి, పారిపోయిందన్న మాట నా తప్పువల్ల వచ్చిందని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు. మళ్ళీ నా ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు దౌత్య కార్యాలయం నుంచి నాగమణికే ఫోన్ వచ్చింది. హిందీలో మాట్లాడారట. భార్గవికి కాలేజీలో నేర్చుకున్న హిందీ కొంచెం వచ్చు, ఆ పిల్లే మాట్లాడింది. వాళ్ళు కఫీలుని సంప్రదించారు. ఆ తర్వాతి శుక్రవారం సత్యవతి ఫోన్ చేసింది. ఆ ఇంట్లోనే ఉంది, అన్నాళ్ళూ అక్కడే ఉంది. ఆ కబురు చెప్పడానికి నాగమణి ఫోన్ చేసి, ఏడుపు ఆపుకోలేక, ఫోన్ భార్గవికి ఇచ్చేసింది. కాయితాల పనులన్నీ అయ్యేసరికి ఆగస్టు వచ్చింది. ఆగస్టు రెండో వారంలో సత్యవతి ఇంటికి చేరింది.

సెప్టెంబరులో ఒక రోజు అక్కచెల్లెళ్ళిద్దరూ మా సెంటర్‌కి వచ్చారు. సత్యవతి చెల్లెలి కంటే నాలుగేళ్ళు పెద్ద. చూస్తే పదేళ్ళు పెద్దదానిలా ఉంది. నెమ్మదిగా మాట్లాడుతుంది. అడగకుండా కుర్చీలో కూర్చోలేదు. కుడి ముంజేతి మీద గులాబీ రంగులో కొత్త చర్మం కనబడుతోంది, అరచెయ్యంత మచ్చ.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"ఇస్త్రీపెట్టె అండి. వాళ్ళ తమ్ముడింట్లో పెళ్ళి ఉందని పగలూ రాత్రీ ఇస్త్రీ పెట్టించారు. తూలిపడ్డాను."

"ఎప్పుడు?"

"జూన్ ఆఖర్లోనండి. మీ రెండో ఉత్తరం అందిందంట కదా, దానికి రెండు మూడు రోజుల ముందు."

మొదటి ఉత్తరానికీ రెండో ఉత్తరానికీ మధ్య పదకొండు రోజులు. ఆ ఉత్తరం మొదటే సరిగ్గా ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ పెళ్ళి నాటికే ఆమె చేతికి ఫోన్ వచ్చేదేమో, రాకపోయేదేమో. నాగమణికి నా మనసులో మాట తెలిసినట్టుంది, తల దించుకుంది. సత్యవతికి కూడా జరిగిందంతా చెల్లెలు చెప్పే ఉంటుంది.

"మీరు బాధపడకండి" అంది సత్యవతి. "మూడేళ్ళు ఇవేళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అని గడిపానండి. పదకొండు రోజులు ఒక లెక్కా?"

ఆమె మంచితనం ఆమెది. నాకైతే అది లెక్కే.

ఆ తర్వాత చాలాకాలం నేను ఒక్కటే ఆలోచించాను. ఇంత అనుభవం ఉండి, రోజూ అదే పాఠం చెబుతూ, ఎలా తప్పు రాశాను? తొందరలో రాశాను అన్నది ఒక కారణం. అసలు కారణం అది కాదు. ఉత్తరం రాశాక నాగమణికి చదివి వినిపించలేదు. ఆమెకి ఇంగ్లీషు రాదు కదా, వినిపించి ఏం లాభం అనుకున్నాను. నిజానికి నేను ఆ మొదటి వాక్యాన్ని తెలుగులోకి తిప్పి, "మీ అక్క అక్కడ మూడేళ్ళు పనిచేసి మానేసింది, అంతేనా?" అని అడిగి ఉంటే చాలు. "అయ్యో, మానలేదండి, అక్కడే ఉంది" అని ఆమె ఒక్క క్షణంలో దిద్దేది. ఆ గదిలో వ్యాకరణం తెలిసింది నాకు. నిజం తెలిసింది ఆమెకి. నేను ఆమెని అడగలేదు.

ఇప్పుడు వెనక గదిలో ఒక నియమం పెట్టుకున్నాను. ఏ ఉత్తరమైనా పంపే ముందు, ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివి వినిపిస్తాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతాను. కొంతమంది విసుక్కుంటారు. కొంతమంది నాకు పని రాదేమో అనుకుంటారు. ఫరవాలేదు.

మొన్న ధవళేశ్వరం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆసుపత్రి ఖర్చు గురించి ఇన్సూరెన్సు కంపెనీకి ఉత్తరం కావాలి. ఆయన చెప్పింది రాసి, తెలుగులో చదివాను. "మా ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది."

"ఆగండమ్మా" అన్నారాయన. "పడిపోయిందని ఊరుకోకండి. నిన్న నన్ను పేరు పెట్టి పిలిచింది. అది కూడా రాయండి."

దాని వల్ల క్లెయిముకి ఏమీ లాభం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ వాక్యం చెరిపేసి మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.